పోస్టుమార్టం రిపోర్టు ఒకటి చెబితే, ప్రత్యక్ష సాక్షి ఇంకొకటి చెబితే...

ప్రశ్న: ఒక హత్య కేసులో మా మేనమామ ప్రత్యక్ష సాక్షి. ముద్దాయి గొడ్డలితో నెత్తి మీద రెండుసార్లు కొట్టాడని ఆయన పోలీసులకు చెప్పారు. పోస్టుమార్టం రిపోర్టులో మాత్రం అవి మొద్దు ఆయుధంతో తగిలిన దెబ్బలకు చర్మం చిట్లిన గాయాలని ఉంది. మరణ సమయం కూడా ఆయన చెప్పిన దానికి రెండు మూడు గంటలు తేడాగా ఉంది. డాక్టరు మాట ముందు సాక్షి మాట చెల్లదని, కేసు కొట్టేస్తారని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: ఆ ఒక్క కారణంతో కేసు కొట్టేయరు. అలాగని ఆ తేడాను తేలికగా తీసుకోవడానికీ లేదు.

ముందుగా, పోస్టుమార్టం రిపోర్టు తనంతట తాను స్వతంత్ర సాక్ష్యం కాదు. శవపరీక్ష చేసిన డాక్టరు కోర్టుకు వచ్చి, ప్రమాణం చేసి, తాను చూసిన గాయాలనూ వాటిని బట్టి ఏర్పరచుకున్న అభిప్రాయాన్నీ చెప్పి, డిఫెన్సు న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌ను ఎదుర్కొన్నప్పుడు ఆ వాంగ్మూలమే సాక్ష్యమవుతుందని సుప్రీంకోర్టు 2001లో మున్షీ ప్రసాద్ కేసులో చెప్పింది. అందులోనూ రెండు భాగాలుంటాయి. గాయం ఎక్కడ ఉంది, ఎంత పొడవు, ఎంత లోతు అన్నవి డాక్టరు కళ్లారా చూసిన విషయాలు. ఏ ఆయుధంతో అయింది, ఎన్ని గంటల క్రితం అయింది అన్నవి నిపుణుడి అభిప్రాయాలు. వాటిని భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద (పాత చట్టంలో 45) పరిశీలిస్తారే గాని, కోర్టు వాటికి కట్టుబడి ఉండనక్కరలేదు.

ఇక గొడ్డలి సంగతి. 1974లో హల్లు కేసులో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. గొడ్డలితో కొట్టారని సాక్షి చెబితే మామూలుగా పదును వైపుతో కొట్టారనే అర్థం చేసుకోవాలని, కాదు వెనుక వైపుతో కొట్టారన్నది ప్రాసిక్యూషన్ వాదన అయితే ఆ సంగతి సాక్షి చేతనే స్పష్టంగా చెప్పించుకోవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దేనని సుప్రీంకోర్టు అంది. కాబట్టి ఏ వైపుతో కొట్టాడన్న ప్రశ్న మీ మేనమామ గారికి తప్పకుండా ఎదురవుతుంది. ఆయన గమనించి ఉంటే చెప్పాలి, గమనించకపోతే గమనించలేదనే చెప్పాలి. రిపోర్టు చదివి, దానికి సరిపోయేలా బోనులో కొత్త మాట కలిపితే, పోలీసులకు లోగడ ఇచ్చిన స్టేట్‌మెంటులో అది లేదని డిఫెన్సు వారు వెంటనే పట్టుకుంటారు. నా ఉద్దేశంలో ఇలాంటి కేసులకు రిపోర్టులోని తేడా కన్నా, ఆ తేడాను పూడ్చాలని సాక్షులు పడే ఆరాటమే ఎక్కువ చేటు చేస్తుంది.

డాక్టరును అడగవలసినవీ ఉన్నాయి. నెత్తి మీద చర్మం ఎముకను అంటిపెట్టుకుని బిగువుగా ఉంటుంది కనుక మొద్దు ఆయుధం దెబ్బకు కూడా కత్తితో కోసినట్టు గీతలా చిట్లుతుంది. పైపైన చూస్తే ఆ రెండు రకాల గాయాలూ ఒకేలా కనబడతాయి. భూతద్దంతో చూస్తే తేడా తెలుస్తుంది. చిట్లిన గాయంలో అంచులు నలిగి, వెంట్రుకల కుదుళ్లు చితికి, లోపల ఒక అంచు నుంచి మరో అంచుకు సన్నని కణజాలపు పోగులు తెగకుండా మిగిలి ఉంటాయి. పదునైన ఆయుధపు గాయంలో పోగులతో సహా అన్నీ తెగిపోతాయి. ఈ వివరాలు రిపోర్టులో రాసి ఉన్నాయా, లేక ఊరికే ‘మొద్దు ఆయుధం’ అని ముగించారా అన్నదాన్ని బట్టి ఆ అభిప్రాయానికి బలం ఉంటుంది.

మరణ సమయంలో రెండు మూడు గంటల తేడాకు మీరు బెంగపడనక్కరలేదు. శవం బిగుసుకోవడం, చల్లబడడం, రక్తం కింది భాగాలకు చేరి మచ్చలు కట్టడం వంటివి చూసి డాక్టరు ఆ అంచనా వేస్తారు. ఎండ, చలి, ఒంటిమీది బట్టలు, శరీర తత్వం, ఇలా ఎన్నో వాటిని మారుస్తాయి. అందుకే రిపోర్టుల్లో ‘ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల లోపు’ అని రాస్తారు.

సాక్షి మాటకూ వైద్య సాక్ష్యానికీ పొత్తు కుదరనప్పుడు పాటించే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1983లో సోలంకీ చిమన్‌భాయ్ కేసులోను, 2010లో అబ్దుల్ సయీద్ కేసులోను వివరించింది. నమ్మదగిన ప్రత్యక్ష సాక్షి ఉంటే మామూలుగా ఆ మాటకే ప్రాధాన్యం. సాక్షి చెప్పిన తీరులో ఆ గాయం తగలడం ఏ విధంగానూ సాధ్యం కాదని వైద్య సాక్ష్యం తేల్చిచెప్పినప్పుడు మాత్రం ఆ సాక్షిని పక్కన పెట్టవచ్చు. మీ కేసులో గొడ్డలి వెనుక వైపు తగిలి ఉండే అవకాశం ఉన్నంతవరకు ‘ఏ విధంగానూ సాధ్యం కాదు’ అనడం కష్టం. డాక్టరు చెప్పగలిగింది కూడా అంతవరకే. కొట్టింది ఎవరన్నది గాయంలో కనబడదు.

ప్రశ్న: శవపరీక్ష చేసిన డాక్టరు విచారణ మొదలయ్యేలోపే చనిపోయారు. ఇక ఆ రిపోర్టు పనికిరాదా?

జవాబు: పనికివస్తుంది. వృత్తిధర్మంగా రాసిన వ్యక్తి చనిపోతే ఆ రాత సాక్ష్య అధినియమం 26వ సెక్షన్ కింద (పాత 32) చెల్లుతుంది. ఆయన చేతిరాత, సంతకం గుర్తుపట్టగల సహోద్యోగి వచ్చి చెప్పడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక సురక్షా సంహిత 336వ సెక్షన్ ప్రకారం, అలాంటి డాక్టరు స్థానంలోకి వచ్చిన అధికారి చేత సాక్ష్యం చెప్పించవచ్చు, అదీ వీడియో ద్వారా అయినా సరే. అయితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆయన రిపోర్టులో ఉన్నది తప్ప మరేమీ చెప్పలేరు. అసలు రిపోర్టు నిజమైనదేనని డిఫెన్సు వారు ఒప్పుకుంటే 330వ సెక్షన్ కింద ఎవరినీ పిలవకుండానే దాన్ని సాక్ష్యంగా చదువుకోవచ్చు.

ప్రశ్న: విసెరా (శవపరీక్షలో తీసి ల్యాబుకు పంపే లోపలి అవయవాలు) పరీక్షలో విషం లేదని వస్తే, విషప్రయోగం జరగలేదనే లెక్కా?

జవాబు: అలా అనుకోవడానికి లేదు. వాంతుల్లో విషం బయటికి పోయి ఉండవచ్చు, శరీరంలో విరిగిపోయి ఉండవచ్చు, శవం కుళ్లడం వల్లనో నమూనాలు ఆలస్యంగా ల్యాబుకు చేరడం వల్లనో ఆనవాళ్లు చెరిగిపోయి ఉండవచ్చు. సీసాల్లో అవయవాలను సంతృప్త ఉప్పునీటిలో ఉంచారా, సీలు చెక్కుచెదరకుండా ల్యాబుకు చేరిందా అన్నవీ చూస్తారు. అయినా మరణం విషం వల్లనే అని ప్రాసిక్యూషన్ వేరే ఆధారాలతో రుజువు చేయాల్సిందే. 1984లో శరద్ బిర్ధీచంద్ కేసులో ఉద్దేశం, విషం వల్లనే మరణం, ముద్దాయి దగ్గర విషం ఉండటం, ఇచ్చే అవకాశం అనే నాలుగు అంశాలను సుప్రీంకోర్టు చెప్పింది. విషం ముద్దాయి దగ్గర ఉన్నట్టు ప్రతి కేసులోనూ విడిగా రుజువు చేయనక్కరలేదని 1988లో భూపిందర్ సింగ్ కేసులో సడలించింది.