పాత డిటెక్టివ్ నవల, అతికించిన సంతకం

ప్రశ్న: లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడి పాత పుస్తకాల దుకాణంలో అగాథా క్రిస్టీ నవల ‘డెత్ ఆన్ ది నైల్’ చూశాడు. లోపల 1937 అని ఉంది. జాకెట్ (అట్ట మీద తొడిగే కాగితపు కవరు) లేదు. మొదటి ఖాళీ పేజీలో రచయిత్రి సంతకమున్న కాగితం ముక్క అతికించి ఉంది. ‘సంతకం చేసిన మొదటి ముద్రణ’ అంటూ పెద్ద ధరే చెబుతున్నారు. కొనవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ ధరకైతే వద్దనే చెబుతాను. సంతకం చేసిన పుస్తకమంటే రచయిత్రి ఆ ప్రతినే చేతిలోకి తీసుకుని, దాని పేజీ మీదే పేరు రాసిన పుస్తకం. ఏ ఉత్తరం చివరి నుంచో, ఏ ఆటోగ్రాఫ్ పుస్తకంలోంచో కత్తిరించిన ముక్కను తెచ్చి అతికిస్తే, ఆ సంతకం అసలైనదే అయినా అవి రెండు వేర్వేరు వస్తువులు. వెల కూడా విడివిడిగానే కట్టాలి. సంతకం పక్కన 1937 నాటి తేదీ ఉండి, అది బాల్‌పెన్నుతో రాసినట్లు కనిపిస్తే ఇక ఆలోచించనక్కరలేదు, ఎందుకంటే రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేదాకా బ్రిటన్ దుకాణాల్లో ఆ పెన్నులు అమ్మకానికి రాలేదు. తేదీ లేకపోతే మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. రచయిత్రి 1976 జనవరి వరకు జీవించారు కనుక, తర్వాతెప్పుడైనా బాల్‌పెన్నుతో సంతకం చేసి ఉండవచ్చు.

ముద్రణ విషయంలోనూ 1937 అన్న అంకె ఒక్కటే చూసి నమ్మవద్దు. కాలిన్స్ సంస్థ ‘క్రైమ్ క్లబ్’ పేరిట ఈ నవలను 1937 నవంబరులో ఏడు షిల్లింగుల ఆరు పెన్నీల ధరకు విడుదల చేసింది. అమెరికాలో డాడ్ మీడ్ సంస్థ 1938లో వేసింది. తర్వాత వచ్చిన ముద్రణల్లోనూ కాపీరైటు సంవత్సరం అదే ఉండవచ్చు కాబట్టి, పునర్ముద్రణ అన్న మాట ఎక్కడైనా ఉందేమో ముద్రణ వివరాల పేజీని మీ అబ్బాయి స్వయంగా చదవాలి.

జాకెట్ లేకపోవడం చిన్న లోపం కాదు. ఆ రోజుల్లో చాలామంది దాన్ని చించి పారేసేవారు కనుక, ఈనాడు పుస్తకం కంటే ఆ కాగితానికే ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. ఆ ఆశతోనే నకలు జాకెట్లు తొడుగుతారు. నకలని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు.

నామటుకు నేను సంతకం లేకపోయినా నిజమైన మొదటి ముద్రణనే కోరుకుంటాను. అది ఏ ముద్రణో, సంతకపు ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో రసీదు మీద రాసి ఇవ్వమని అడగమనండి; అందుకు అమ్మేవారు వెనకాడితే పుస్తకాన్ని అక్కడే ఉంచి వచ్చేయమనండి.