ఏటి ఒడ్డున ఇల్లు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరి పల్లె హెమింగ్‌ఫర్డ్ గ్రేలో నువ్వు కొనాలనుకుంటున్న ఇంటి ఫోటోలు చూశాను. బాగుంది. గడ్డి కప్పు, పెరటి చివర గ్రేట్ ఔస్ నది, పడవ కట్టుకునే చోటు. కానీ అవి ఎండాకాలంలో తీసినవిరా. మన గోదావరికి వరద శ్రావణంలో వస్తుంది, ఈ ఔస్‌కి ఎక్కువగా చలికాలంలో. పక్క ఊరు సెయింట్ ఐవ్స్ వైపు ఉన్న పచ్చిక బయలు అప్పుడు చెరువైపోతుంది. అందుకని జనవరిలో, బాగా వాన కురిసిన వారంలో ఒకసారి వెళ్ళి చూడు. అమ్మాయిని కూడా తీసుకెళ్ళు, పెరట్లో బురద తొక్కాల్సింది తను కూడా కదా.

పక్కింటివాళ్ళ తలుపు తట్టి మొహమాటం లేకుండా అడుగు. 1998 ఈస్టర్‌కి, 2020 క్రిస్మస్‌కి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని. ఇంగ్లీషువాళ్ళు వాతావరణం గురించైతే ఎంతసేపైనా మాట్లాడతారు. అమ్మేవాళ్ళు నింపే టీఏ6 ఫారంలోనూ వరద గురించి ప్రశ్న ఉంటుంది, ఆ జవాబు నువ్వే చదువు, సొలిసిటర్‌కి, అంటే ఇల్లు కొనే పని చూసే లాయరుకి, వదిలెయ్యకు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వరద ముప్పు ఎంతో చూపిస్తుంది. అయితే అది ఆ చుట్టుపక్కలకి వేసిన అంచనా, నీ గడప ఎత్తు దానికి తెలీదు.

అన్నిటికంటే ముఖ్యం బీమా. సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు మీరూ అమ్మేవాళ్ళూ ఇచ్చిపుచ్చుకునే ముందే కొటేషన్ తీసుకో. 2016లో మొదలైన ఫ్లడ్ రీ పథకం వల్ల ఇలాంటి ఇళ్ళకి కూడా భరించగలిగే ప్రీమియంకి బీమా దొరికే వీలుంది. కానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్ళకి అది వర్తించదు. అంటే ఈ ఒక్క విషయంలో పాత ఇల్లే నయం. ఆ పథకం 2039 దాకానే, నీ లోన్ అంతకంటే ఎక్కువ కాలం అయితే ఆలోచించుకో. గడ్డి కప్పుకి ప్రీమియం వేరేగా పెరుగుతుంది, ఆ మాట కూడా ముందే చెప్పి అడుగు.

పాత ఇంటితో ఇంకో చిక్కుంది. లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడం, అయితే కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. అడక్కుండా మార్చడం నేరం, లోపలి గోడలకీ అంతే. ఆ ఊరి చర్చి గోపురం పైభాగం 1741 గాలివానకి కూలితే మొండి గోపురాన్ని అలాగే ఉంచేశారు. అక్కడి మేనర్ హౌస్, అంటే పాత జమీందారీ భవనం, 1130ల నాటిది, ఇప్పటికీ అందులో మనుషులుంటున్నారు. పాతదాన్ని పాతగా ఉండనిచ్చే ఊరది. నాకైతే ముచ్చటే, డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దాల కిటికీలు) లేకుండా చలి కాచుకోవాల్సింది మాత్రం మీరు.

ఆఫీసుకి సెయింట్ ఐవ్స్ దాకా వెళ్తే కేంబ్రిడ్జికి గైడెడ్ బస్‌వే, అంటే బస్సులకే ప్రత్యేకంగా వేసిన దారి, ఉంది. దానికి బెంగ లేదు.

ధర ఒప్పుకున్నాం కదా అని టెన్షన్ పడకు. ఇంగ్లండులో కాంట్రాక్టులు చేతులు మారేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు, సర్వే, లాయరు ఖర్చులే పోతాయి. సర్వే రిపోర్టు, బీమా కొటేషన్ రెండూ నాకు పంపు, చదివి ఫోన్ చేస్తాను. అంతదాకా అమ్మాయిని కర్టెన్లు కొననివ్వకు.

మీ మామయ్య