మేనల్లుడికి, చర్చి మెట్ల గురించి

చిరంజీవి మేనల్లుడికి ప్రభువు నామంలో మావయ్య దీవెనలు.

మధురవాడ సంఘానికి నిన్ను కార్యదర్శిగా పెట్టారని మీ అమ్మ చెప్పింది. మెట్లెక్కలేనివాళ్ల కోసం కొత్త మందిరానికి ర్యాంప్ వేసి, రాలేనివాళ్లు ఇంట్లోంచే చూసే లైవ్ కోసం కెమెరా కొంటే సరిపోతుందా అని అడిగావు. సరిపోదురా. సిమెంటు కలపకముందే సంఘం రిజిస్టరు తీసుకుని కూర్చో. ఒకప్పుడు వచ్చి ఇప్పుడు రానివాళ్ల పేర్లు రాసుకుని, ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లు. మొదట "ఒంట్లో బాగోక" అంటారు. టీ తాగేదాకా కూర్చుంటే అసలు సంగతి బయటికొస్తుంది.

అలా అడక్క నేను చేసిన తప్పు చెప్తాను. కంచరపాలెంలో మా పాత చర్చికి ఏడు మెట్లు. ఒక చెల్లెమ్మ వీల్‌చైర్‌లో వచ్చేది. నలుగురం కలిసి కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్లం. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించారు కదా, అచ్చం అలాగే చేస్తున్నామని నాకు లోలోపల గర్వం. కొన్నాళ్లకి ఆమె రావడం మానేసింది. వెళ్లి అడిగితే ఏమందో తెలుసా? "వాణ్ణి ఒక్కసారే దించారన్నయ్యా. పైగా వాడు తిరిగి నడిచి వెళ్లాడు. నన్ను వారం వారం ఎత్తుతున్నారు. చీర ఎక్కడ తొలగుతుందో, ఎవరి చెయ్యి జారుతుందోనని ఆరాధనంతా అదే టెన్షన్."

నాకు నోట మాట రాలేదు. ఇంకోటి కూడా చెప్పింది. కొత్తగా ఏ ప్రసంగీకులు వచ్చినా, అడక్కుండానే ఆమె తలమీద చెయ్యిపెట్టి కాళ్ల కోసం ప్రార్థించేవారు. ఒక ఆదివారం ఆమె కూతురి పెళ్లి సంబంధం కోసం ప్రార్థన అడగాలని వచ్చిందట. అడిగే సందే దొరకలేదు! స్వస్థత ప్రార్థన కోరినవాళ్లకే చెయ్యమని మీ పాస్టరు అయ్యగారికి నా మాటగా చెప్పు. చెప్పడానికి మొహమాటమైతే ఈ ఉత్తరం చూపించు.

ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. గుమ్మం అడుగున్నర ఎత్తుంటే ర్యాంప్ పద్దెనిమిది అడుగుల పొడవన్నమాట. మేస్త్రీ ఆరడుగులు చాలంటాడు. అది బైకులు ఎక్కించుకోవడానికి పనికొస్తుంది. నున్నటి టైల్స్ వేయించకు, వానకి జారతాయి. రెయిలింగుకి మామూలు ఇనుము వద్దు, మన విశాఖ ఉప్పుగాలికి ఆగదు, స్టీలు పెట్టించు. తలుపు కనీసం మూడడుగుల వెడల్పుండాలి. బాత్రూమ్ తలుపు కూడా. అక్కడే అందరూ మర్చిపోతారు. నడిమి వరసలో ఒక బెంచీ కురచగా చేయించు. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లు గోడవారన ఒక్కళ్లూ కాకుండా ఇంటివాళ్ల పక్కన కూర్చుంటారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ర్యాంప్ అక్కరకొచ్చేది వాటిలో కొన్నింటికే. నా సంగతే చూడు, చెవి మిషన్ పెట్టుకున్నాక తెలిసింది, అది ప్రసంగంతో పాటు డ్రమ్సునీ ఫ్యాన్లనీ కలిపి పెంచుతుంది. అయ్యగారు మాట్లాడేటప్పుడు వెనక కీబోర్డు వాయించడం ఆపించు. మైకు పెదాలకి అడ్డం రాకూడదు, చాలామందిమి పెదాలు చూసే అర్థం చేసుకుంటాం. పెద్ద శబ్దాలు తట్టుకోలేని పిల్లలుంటారు, పక్కగది ఒకటి వాళ్లకి ఖాళీగా ఉంచు. అలాంటి పిల్లాడు ప్రసంగం మధ్యలో అరిస్తే వెనక్కి తిరిగి చూసే పెద్దమ్మలకి మాత్రం నా దగ్గర మందు లేదు.

బధిరులు వస్తే సైగల భాషలో చెప్పేవాళ్లని ప్రసంగీకుల పక్కనే, వెలుగులో నిలబెట్టు. మూల స్తంభం వెనక కాదు. 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ మన విశాఖపట్నంలో దిగి తెలుగు నేర్చుకున్నారు, సువార్తలు తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. సైగలదీ ఒక భాషే. మీ యూత్‌లో ఇద్దరు నేర్చుకున్నా చాలు.

పాటల కాగితం వాట్సాప్‌లో ఫోటోగా పెట్టకండి. చూపులేనివాళ్ల ఫోను అక్షరాలైతే చదివి వినిపిస్తుంది, ఫోటోతో తంటా. డీటీపీవాళ్లు వాడే అనూ ఫాంట్లలో కొట్టింది కూడా ఫోనుకి పిచ్చిగీతలే, ఫోను చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేయించు. తెరమీద పాట వెనక జలపాతాలూ పావురాలూ తీసేయ్. నల్లటి తెరమీద తెల్లటి పెద్ద అక్షరాలు చాలు.

ఇక లైవ్. 2020 లాక్‌డౌన్‌లో అందరూ పెట్టారు. చర్చిలు తెరిచాక చాలాచోట్ల ఎవరూ పట్టించుకోని ఫోనొకటి స్టాండుమీద మిగిలింది. అలా చెయ్యకు. శబ్దం మైకుల మిక్సర్ నుంచి నేరుగా తీసుకో. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పర్లేదు, మాట తెగకూడదు. చూసేవాళ్లని పేరు పెట్టి పలకరించడానికి ఒక మనిషిని కూర్చోబెట్టు. వాళ్లు పంపిన ప్రార్థన మనవులు కూడా మిగతావాటితో పాటే చదివించు. బటన్ ఫోనున్న ముసలివాళ్లని నలుగురైదుగుర్ని కాన్ఫరెన్స్ కాల్‌లో కలపొచ్చు. మంచం దిగలేనివాళ్లకి అయ్యగారితో పాటు ఇద్దరు పెద్దలు వెళ్లి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చిరావాలి, చర్చిలో ఇచ్చిన ఆ ఆదివారమే.

డబ్బు చాలకపోతే ముందు ర్యాంపూ బాత్రూమూ, తర్వాత సౌండు. కెమెరా ఆఖర్న. మేస్త్రీని శనివారం పొద్దున్న రమ్మను. నేను కొలతల టేపు పట్టుకొస్తాను. ఆ చెల్లెమ్మని కూడా ఆటోలో తీసుకొస్తాను, వాలు సరిపోయిందో లేదో ఆమే చెప్తుంది.

మీ మావయ్య