ఇంటికి వెళ్లకుండానే విలువ కడుతున్న రోజుల్లో అప్రైజర్ వృత్తి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాము. మా కుటుంబమంతటికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. మా అబ్బాయికి 20 ఏళ్లు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు పూర్తి చేశాడు, ఇప్పుడు యూనివర్సిటీలో ఫైనాన్స్ డిగ్రీలో చేరాలి. కానీ ఇళ్లకు విలువ కట్టే అప్రైజర్ అవుతానని, దానికి డిగ్రీ అక్కర్లేదని, చదువు ఆపేస్తానని అంటున్నాడు. ఇళ్లకు వెళ్లి ఫోన్‌తో స్కాన్ చేసి ఫొటోలు పంపే పని ఒకటి ఇప్పటికే చూసుకున్నాడు. మేము మొన్న రీఫైనాన్స్ చేసినప్పుడు (పాత ఇంటి రుణం తీర్చి కొత్తది తీసుకున్నప్పుడు) ఇంటికి అప్రైజర్ ఎవరూ రాలేదు, లెండర్ కంప్యూటర్‌లోనే అంతా తేలిపోయింది. కనుమరుగయ్యే ఉద్యోగం కోసం చదువు మానుకుంటున్నాడేమోనని మా భయం. ఏం చేయమంటారు? (ఒక తల్లి, టెక్సస్)

జవాబు: అమ్మా, మీ భయం మీ రీఫైనాన్సు దగ్గర మొదలయింది కనుక ముందుగా అక్కడేం జరిగిందో చెబుతాను. లెండర్లు తాము ఇచ్చే గృహరుణాల్లో పెద్ద భాగాన్ని ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలకు అమ్ముతారు. ఆ సంస్థల దగ్గర ఏళ్ల తరబడి పోగుపడిన అప్రైజల్ నివేదికల సమాచారం ఉంటుంది. దానితో పోల్చి చూసి, లెండర్ పేర్కొన్న విలువ సబబుగానే ఉందని వారి సాఫ్ట్‌వేర్‌కు తోస్తే అప్రైజల్ అవసరం లేదని చెప్పేస్తుంది. అప్రైజల్ వేవర్ అని పిలిచే ఈ పద్ధతికే ఫ్యానీ మే 2023లో వాల్యూ యాక్సెప్టెన్స్ అని పేరు మార్చింది. మీ విషయంలో బహుశా ఇదే జరిగి ఉంటుంది, అంటే ఎవరో దూరంగా కూర్చుని మీ ఇంటి విలువ కట్టలేదు, అసలు అప్రైజలే జరగలేదు. మీ అబ్బాయి వృత్తికి సంబంధించి ఆలోచించేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా చూడాలి.

దూరం నుంచి చేసే అప్రైజల్‌లో లైసెన్సున్న మనిషి ఉంటాడు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల పరుల ఇళ్లలో అడుగుపెట్టడం కష్టమైనప్పుడు డెస్క్‌టాప్ అప్రైజల్‌ను తాత్కాలిక సడలింపుగా అనుమతించారు. 2022 మార్చి నుంచి ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ రెండూ దాన్ని శాశ్వతంగా అంగీకరించాయి. ఇందులో అప్రైజర్ తన బల్ల దగ్గర నుంచి కదలకుండా ఎంఎల్ఎస్ (ఏజెంట్లు అమ్మకపు ఇళ్ల వివరాలు పెట్టే డేటాబేస్) లిస్టింగులు, కౌంటీ రికార్డులు, ఫొటోలు, లోపలి గోడలూ కొలతలూ చూపే ఫ్లోర్ ప్లాన్ ముందు పెట్టుకుని విలువ కడతాడు. అయితే ఫ్యానీ మే దీన్ని అన్ని ఇళ్లకూ అనుమతించదు. కొనేవారు తాము నివసించడానికి కొంటున్న ఒకే యూనిట్ ఇల్లయి, రుణం ఇంటి విలువలో 90 శాతం దాటకుండా ఉండాలి. కాండోలకు (అపార్ట్‌మెంట్ తరహా ఇళ్లకు), అద్దెకిచ్చే ఇళ్లకు ఇది వర్తించదు. హైబ్రిడ్ అప్రైజల్‌లో ప్రాపర్టీ డేటా కలెక్టర్ అనే మరొక వ్యక్తి ఇంటికి వెళ్లి వివరాలు సేకరించి పంపుతాడు. అవి నమ్మదగినవో కాదో పరిశీలించి అప్రైజర్ నివేదిక రాసి సంతకం పెడతాడు. ఎఫ్‌హెచ్ఏ అనే ప్రభుత్వ సంస్థ పూచీ ఉన్న రుణాలకు మాత్రం అప్రైజర్ స్వయంగా ఇంటి లోపలా బయటా చూడాలి. అటక మీదికి దారి ఉంటే కనీసం తలా భుజాలూ లోపలికి పెట్టి పరికించాలి.

ఈ మార్పుల వల్ల పని తగ్గడం లేదని నేను చెప్పను. ఒకే బిల్డరు ఒకే నమూనాలో కట్టిన వందలాది ఇళ్ల కాలనీలో, మంచి క్రెడిట్ ఉన్నవారు గట్టి డౌన్ పేమెంటుతో కొంటున్నప్పుడు అప్రైజర్ అవసరం తగ్గింది, ఇంకా తగ్గుతుంది. కొనుగోళ్లలో అప్రైజల్ లేకుండా విలువను ఒప్పుకునే వెసులుబాటుకు రుణం ఇంటి విలువలో 80 శాతం దాటకూడదన్న పరిమితిని 2025 ఆరంభంలో 90 శాతానికి పెంచడమే ఇందుకు నిదర్శనం. బ్యాంకులు తమ దగ్గరే ఉంచుకునే రుణాల సంగతి చూసినా, 4 లక్షల డాలర్ల లోపు ఇళ్ల లావాదేవీలకు లైసెన్సున్న అప్రైజర్ తప్పనిసరి అన్న నియమం 2019 నుంచి లేదు. తేలిక పని యంత్రానికి పోతోంది, చిక్కున్న పని మనిషికి మిగులుతోంది. మీ అబ్బాయి ఈ వృత్తిలోకి వస్తే తొలి రోజు నుంచే చిక్కున్న పనికి సిద్ధపడి రావాలి.

చిక్కు ఎలా ఉంటుందో మీ ప్రాంతపు ఇళ్లతోనే చెబుతాను. అక్కడి రెండంతస్తుల ఇళ్లలో చాలావాటికి ముందు హాలు పై అంతస్తు కప్పుదాకా ఖాళీగా తెరుచుకుని ఉంటుంది. పై అంతస్తును బయటి గోడల లెక్కన కొలిచేస్తే ఆ ఖాళీ కూడా విస్తీర్ణంలో కలిసిపోతుంది. ఫ్యానీ మే 2022 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసిన, ఇళ్ల విస్తీర్ణం కొలిచే ఆన్సీ జెడ్765 ప్రమాణం ప్రకారం కిందికి తెరిచి ఉన్న చోటును పై అంతస్తు లెక్కలో చేర్చకూడదు. 18 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు ఉన్న హాలయితే 288 చదరపు అడుగులు తీసివేయాలి. స్కాన్‌లో వచ్చిన అంకెకూ కౌంటీ రికార్డులోని అంకెకూ పొంతన లేనప్పుడు ఏది సరైనదో, తేడా ఎక్కడొచ్చిందో బల్ల దగ్గర కూర్చునే పట్టుకోగలిగినవాడే డెస్క్‌టాప్ అప్రైజల్ చేయగలడు. అలాగే డాలస్ చుట్టుపక్కల నేలలో చాలా భాగం వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే బంకమన్ను. దాని మీద పునాది కదిలిన ఇంట్లో తలుపు చట్రం మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు కనిపిస్తుంది, తలుపు సరిగా పడదు, నడుస్తుంటే నేల ఒక పక్కకు ఒరిగినట్టు అనిపిస్తుంది. పగులును పూడ్చి రంగు వేస్తే ఫొటోలో ఏమీ కనిపించదు. ఇలాంటి ఇళ్లు ఎన్నో స్వయంగా చూసి ఉన్న అప్రైజర్ మాత్రం ఫొటోలో ఒక్క గోడకే కొత్త రంగు ఎందుకు వేశారని అడుగుతాడు, అవసరమైతే డెస్క్‌టాప్ పద్ధతి ఈ ఇంటికి చాలదని చెప్పి పనిని తిరిగి పంపుతాడు. అప్రైజర్లు పాటించవలసిన యూస్పాప్ ప్రమాణాలు ప్రతి ఇంటికీ వెళ్లి తీరాలని అనవు. ఎంత పరిశీలన జరిగితే ఫలితం నమ్మదగినదవుతుందో నిర్ణయించే బాధ్యతను మాత్రం అప్రైజర్ మీదే పెడతాయి.

టెక్సస్‌లో ఇంకో విశేషం ఉంది. ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం ఆ రాష్ట్రంలో లేదు. అందువల్ల బహిరంగ రికార్డుల మీద ఆధారపడే విలువ అంచనా సాఫ్ట్‌వేర్లకు అక్కడ చూపు కాస్త మందం. అమ్మకపు ధరలు ఎంఎల్ఎస్‌లో వెతకాలి, అక్కడ లేకపోతే ఏజెంట్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. సాఫ్ట్‌వేర్ మీద అతిగా ఆనుకుంటే ఏమవుతుందో ఆన్‌లైన్ రియల్ ఎస్టేట్ సంస్థ జిల్లో అనుభవం చూపింది. ఇళ్లను తానే కొని తిరిగి అమ్మే వ్యాపారాన్ని, రాబోయే ధరలను సరిగ్గా ఊహించలేకపోతున్నామంటూ, ఆ సంస్థ 2021 నవంబరులో మూసివేస్తున్నట్టు ప్రకటించింది. ధరలు నిలకడగా ఉన్నంతకాలం మంచి అంచనాలిచ్చే లెక్కలు, మార్కెట్ ఒక్కసారిగా మలుపు తిరిగినప్పుడు తడబడతాయి.

నిజానికి ఈ వృత్తిలో ఆదాయాన్ని సాఫ్ట్‌వేర్ కంటే వడ్డీ రేట్లు ఎక్కువగా ఊపుతాయి, ఈ సంగతి మీ అబ్బాయికి ఎవరూ చెప్పి ఉండరు. ఫ్రెడ్డీ మ్యాక్ వారపు సర్వేలో 30 ఏళ్ల గృహరుణ సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎక్కింది. మొదటి కాలంలో రీఫైనాన్సుల వరదతో అప్రైజర్లకు ఊపిరి సలపలేదు. రెండో కాలంలో అదే అప్రైజర్లు ఆర్డర్ల కోసం ఎదురుచూశారు. చాలామంది జీతగాళ్లు కారు, నివేదికకు ఇంత అని ఫీజు తీసుకునే స్వతంత్రులు. మధ్యలో లెండర్ల తరఫున అప్రైజర్లకు పని పంచే అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీ ఉంటే దాని వాటా దానిది. పని లేని నెలలు తట్టుకునే పొదుపు, మరో ఆదాయ మార్గం లేనివారికి ఇది కష్టమైన బతుకు. మీ ఇంట్లో అతనికి కొన్నేళ్లు ఆసరా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో అతని పరిస్థితి చాలామంది కంటే మెరుగు.

నా దృష్టిలో అసలు కష్టం వృత్తిలో అడుగుపెట్టే తలుపు దగ్గర ఉంది. గృహరుణాలిచ్చే పొదుపు సంస్థలు కుప్పకూలిన సేవింగ్స్ అండ్ లోన్ సంక్షోభం తర్వాత 1989లో వచ్చిన ఫిర్రియా చట్టంతో రాష్ట్రాలు అప్రైజర్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాయి. ట్రైనీ కావడానికి కొన్ని నిర్దేశిత కోర్సులు చాలు. ఆపైన లైసెన్స్డ్ రెసిడెన్షియల్ స్థాయికి 1,000 గంటలు, సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌కు 1,500 గంటలు, వాణిజ్య భవనాలు సహా అన్నిటికీ విలువ కట్టగల సర్టిఫైడ్ జనరల్‌కు 3,000 గంటలు సూపర్‌వైజర్ కింద అనుభవం సంపాదించాలి. సూపర్‌వైజర్ కావాలంటే అప్రైజర్ సర్టిఫై అయి కనీసం మూడేళ్లు నిండాలి. పాత పద్ధతిలో ట్రైనీ ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకొచ్చేవాడు, సూపర్‌వైజర్‌కు ప్రయాణం తప్పేది, ట్రైనీకి పని అబ్బేది. ఇప్పుడు ఆ ప్రయాణాన్నే డేటా కలెక్టర్‌కు అప్పగించాక, సూపర్‌వైజర్‌కు ట్రైనీ వల్ల ఒరిగేది తగ్గింది. పైగా ఇవాళ నేర్చుకున్నవాడు రేపు పోటీకొస్తాడన్న శంక ఎప్పటి నుంచో ఉన్నదే. ఈ ఇబ్బందిని గమనించే అప్రైజర్ క్వాలిఫికేషన్స్ బోర్డు పరియా అనే శిక్షణ మార్గాన్ని ఆమోదించింది. కంప్యూటర్‌లో కల్పిత కేసుల మీద పని చేసి, పూర్తి నివేదికలు రాసి, మెంటరు పరిశీలనలో గట్టెక్కితే రెసిడెన్షియల్ లైసెన్సులకు కావలసిన అనుభవమంతా దాని ద్వారానే లెక్కకు వస్తుంది. దానికి డబ్బు కట్టే ముందు టెక్సస్ అప్రైజర్ లైసెన్సింగ్ అండ్ సర్టిఫికేషన్ బోర్డు ఏ శిక్షణ సంస్థలను, ఏ షరతులతో అంగీకరిస్తోందో అతను స్వయంగా కనుక్కోవాలి.

డిగ్రీ విషయంలో మీ అబ్బాయి మాట సగం నిజం. లైసెన్స్డ్ రెసిడెన్షియల్ స్థాయికి 2018 నుంచి కాలేజీ చదువు అవసరం లేదు. సర్టిఫైడ్ రెసిడెన్షియల్‌కు బ్యాచిలర్ డిగ్రీ గానీ, కొన్ని నిర్దిష్ట విషయాల్లో అసోసియేట్ డిగ్రీ గానీ, మరికొన్ని ప్రత్యామ్నాయాలు గానీ సరిపోతాయి. అతని రెండేళ్ల చదువు అసోసియేట్ డిగ్రీగా ముగిసి, విషయం బిజినెస్, ఫైనాన్స్ వంటిదయితే ఆ స్థాయి ఇప్పటికే అందుబాటులో ఉన్నట్టే. కానీ సర్టిఫైడ్ జనరల్‌కు బ్యాచిలర్ డిగ్రీ తప్పనిసరి. దూరం నుంచి విలువ కట్టే ధోరణి ఎక్కువగా తాకుతున్నది ఒకేరకం ఇళ్లను. గిడ్డంగులు, షాపింగ్ సెంటర్లు, ఆఫీసు భవనాలు ఒక్కోటీ ఒక్కోలా ఉంటాయి, వాటి అద్దె ఒప్పందాలు చదవాలి, ఖాళీలు లెక్కించాలి, వచ్చే ఆదాయం నుంచి విలువ రాబట్టాలి. అక్కడ ఫైనాన్స్ చదువు నేరుగా అక్కరకొస్తుంది. అందుచేత చదువు ఆపవద్దని, డిగ్రీ చేస్తూనే ట్రైనీ కోర్సులు పూర్తి చేసి సర్టిఫైడ్ జనరల్‌ను గురిగా పెట్టుకోమని నా సలహా.

డిగ్రీ ఉంటే వేరే దారులు కూడా తెరుచుకుంటాయి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, స్థానిక సంస్థలు ఆస్తిపన్ను మీద గట్టిగా ఆధారపడతాయి. ఆ పన్ను కోసం ఆస్తుల విలువ నిర్ణయించే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టులు నెలజీతంతో అప్రైజర్లను నియమించుకుంటాయి. వారి నమోదు వేరే శాఖ కింద, వేరే పరీక్షలతో జరుగుతుంది కనుక దాన్ని గృహరుణాల లైసెన్సుగా పొరబడకూడదు. లెండర్ల దగ్గర నివేదికలను సమీక్షించే ఉద్యోగాలూ ఉన్నాయి. విలువ అంచనా సాఫ్ట్‌వేర్లు వాడే లెండర్లు వాటి ఫలితాల్లో కొన్నిటిని నమూనాగా తీసి పరీక్షించాలని, వివక్షకు తావివ్వకూడదని ఫెడరల్ సంస్థలు తెచ్చిన నియమం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ పరీక్షలకు గణాంకాలూ ఇళ్లూ రెండూ తెలిసినవారు కావాలి.

ఇక ఫోన్‌తో ఇళ్లు స్కాన్ చేసే పని. వారాంతాల్లో చేయనివ్వండి, రకరకాల ఇళ్ల లోపలికి వెళ్లి చూసే అవకాశం ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఊరికే రాదు. అయితే అది అప్రైజర్ ఉద్యోగానికి తొలి మెట్టని కంపెనీ వారు చెబితే నమ్మవద్దు. విలువ కట్టడంలో పాలు పంచుకోకుండా ఫొటోలూ కొలతలూ మాత్రమే పంపితే ఆ గంటలు లైసెన్సుకు అనుభవంగా నిలవవు. పైగా ఇంటికింత అని ఇచ్చే డబ్బులో పెట్రోలు, కారు అరుగుదల, దారిలో పోయే సమయం తీసివేసి లెక్క చూసుకోమనండి.

ఈ వేసవిలో అతను చేయవలసింది మీ చుట్టుపక్కల పనిచేస్తున్న సర్టిఫైడ్ జనరల్ అప్రైజర్లను కలవడం. రాష్ట్ర బోర్డు వెబ్‌సైటులో పేర్లు దొరుకుతాయి. ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ పాత ఫారాలను పక్కనపెట్టి తెస్తున్న కొత్త నివేదిక పద్ధతి 2026 నవంబరు నుంచి తప్పనిసరి అవుతుంది కాబట్టి, ఇళ్ల పని కూడా చేసే ఆఫీసుల్లో కంప్యూటర్ చురుకుగా వాడే కుర్రవాళ్లకు ఇది అనువైన సమయం. ఎవరైనా ట్రైనీగా తీసుకుంటామంటే అతను మూడు విషయాలు అడిగి తీరాలి: తాను సహాయం చేసిన ప్రతి నివేదికలో ఆ సంగతి పేర్కొంటారా, గంటల లాగ్‌ను ఇద్దరూ కలిసి రాసి సంతకాలు పెడతారా, అమ్మకాల పోలికలూ, ఇళ్ల మధ్య తేడాలకు విలువలో చేసే సర్దుబాట్లూ తనచేత చేయిస్తారా లేక ఫొటోలకే పంపుతారా. మూడోదానికి సూటిగా సమాధానం రాని చోట చేరవద్దని చెప్పండి.