రెండో గది ఎవరిది?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెంలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. నేను గాజువాకలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. మా ఆయనది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. బాబుకి రెండేళ్ల ఐదు నెలలు. పుట్టినప్పటి నుంచీ మా గదిలోనే, మా అమ్మావాళ్లు కొనిచ్చిన చెక్క క్రిబ్‌లో పడుకుంటున్నాడు. ఈమధ్య రెండుసార్లు కమ్మీలు ఎక్కి దూకబోయాడు. ఒకసారి పడి నుదుటి మీద బొప్పి కట్టింది. ఇక మంచానికి మార్చాలని రెండో గది ఖాళీ చేసి, నీలం రంగు వేయించి, కారు ఆకారంలో ఉండే పిల్లల మంచానికి ఐదు వేలు అడ్వాన్సు కట్టాం. మా అత్తగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. 'గుంటడు ఒక్కడూ గదిలో ఎలా తొంగుంటాడు? నా పక్కలో ఉంటాడు' అంటున్నారు. ఆవిడది టెక్కలి దగ్గర పల్లెటూరు. మామగారు పోయాక, బాబు పుట్టినప్పుడు వచ్చి మాతోనే ఉండిపోయారు. హాల్లో పడుకుంటారు. 'నాకేటి, ఎక్కడైనా తొంగుంటాను' అంటారు కాబట్టి ఆవిడకి ఏ ఇబ్బందీ లేదు. బాబు రాత్రి లేస్తే నన్ను కాదు, నానమ్మనే పిలుస్తాడు. ఇప్పుడు ఒక్కడూ పడుకోవడం అలవాటు చేయకపోతే ఇంకెప్పటికీ చేయలేనేమో అని టెన్షన్‌గా ఉంది. మా ఆయనతో చెప్పించాను, లాభం లేకపోయింది. ఏ వయసులో మంచానికి మార్చాలి? అత్తగారికి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: మీ మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. పరుపుని బాగా కిందికి దించాక కూడా పిల్లాడు కమ్మీ మీద కాలు వేశాడంటే ఆ క్రిబ్‌కి రోజులు అయిపోయినట్టే. ఈ రాత్రి నుంచే వాడకండి. ఇంకో బొప్పి కోసం చూడక్కర్లేదు. ఎక్కని పిల్లలు మూడేళ్ల దాకా అందులోనే హాయిగా పడుకుంటారు, కొందరు ఏడాదిన్నరకే దూకేస్తారు. క్యాలెండరు చూసి తేల్చే విషయం కాదిది. పిల్లాడి ఎత్తు 35 అంగుళాలు దాటినా, నిలబడితే కమ్మీ వాడి రొమ్ముకంటే కిందికి వస్తున్నా మార్చేయాల్సిందే.

దానికి కారు మంచం అవసరం లేదు. మొదటి నెల రోజులూ పరుపు నేల మీద వేయండి, దొర్లినా దెబ్బ తగలదు. తర్వాత మంచం కావాలంటే ఎత్తు తక్కువది చూడండి. పక్కన అడ్డుపట్టీ పెడితే దానికీ పరుపుకీ మధ్య సందు ఉండకూడదు. గోడకీ పరుపుకీ మధ్య కూడా అంతే, నిద్రలో జారి అందులో ఇరుక్కుంటారు. కిటికీ కింద మంచం వేయొద్దు. కర్టెన్ తాళ్లు, దోమతెర తాళ్లు చేతికి అందకుండా పైకి కట్టండి. బట్టల బీరువా, సొరుగుల బల్ల గోడకి స్క్రూలతో బిగించండి. సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, అది మీద పడితే ప్రాణానికే ప్రమాదం.

ఇంకోటి. ఇన్నాళ్లూ రాత్రిపూట వాడిని కమ్మీలు ఆపేవి. ఇప్పుడు అర్ధరాత్రి ఎవరికీ తెలియకుండా లేచి ఇల్లంతా తిరుగుతాడు. బాల్కనీ తలుపుకీ వీధి తలుపుకీ పైన గడియ పెట్టండి. గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. నీళ్లు వచ్చే వేళకి పట్టుకుని బాత్రూమ్‌లో బకెట్లు, డ్రమ్ములు నింపి ఉంచడం మనకి అలవాటు. ఈ వయసు పిల్లాడు తలకిందులుగా పడితే ఒక్క బకెట్ నీళ్లు చాలు, కేక కూడా వినపడదు. బాత్రూమ్ తలుపు బయట గడియ రాత్రంతా వేసే ఉంచండి. లేచి వచ్చినప్పుడల్లా కబుర్లు పెట్టకుండా, కోప్పడకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మళ్లీ పడుకోబెట్టండి. కొన్నాళ్లు విసుగు పుడుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మంచం సంగతి ఇంతే.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో గోడ రంగు ఉంది, మంచం ఆకారం ఉంది, అడ్వాన్సు ఎంతో ఉంది. మీ అత్తగారి వయసు మాత్రం లేదు. 'హాల్లో పడుకుంటారు' అని రెండే మాటల్లో రాసి దాటేశారు. రెండో గది ఖాళీ చేశామన్నారు కదా, మరి ఇన్నాళ్లూ అందులో ఏమున్నాయి? అట్టపెట్టెలు, సూట్‌కేసులు, ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టల మూట, వాడని ట్రెడ్‌మిల్, ఇలాంటివే అయ్యుంటాయి. అంటే రెండేళ్లకి పైగా మీ ఇంట్లో సామానుకి గది ఉంది, అత్తగారికి లేదు. ఇప్పుడు ఆ గది ఖాళీ అయితే అది రెండేళ్ల పిల్లాడికి ఇస్తున్నారు. వాడికి గది అక్కర్లేదు, వాడు అడగనూ లేదు. అడగని ఇంకో మనిషి హాల్లో చాప మీద ఉన్నారు.

ఇది చదివి మీకు కోపం రావచ్చు. పిల్లాడి మంచం గురించి అడిగితే అత్తగారి మంచం గురించి చెబుతుందేమిటి అనుకుంటారు. కానీ ఈ రెండూ ఒకటే గొడవ. ఆవిడ 'నా పక్కలో ఉంటాడు' అనడంలో మీకు మొండితనం కనిపించింది. ఆ ఇంట్లో ఆవిడకి తనదంటూ ఉన్నది ఆ పిల్లాడొక్కడే అని నాకు కనిపించింది. భర్త పోయాడు, ఊళ్లో ఇల్లు తాళం వేసి వచ్చారు, ఇరుగుపొరుగుని వదులుకున్నారు. ఇక్కడ ఒక తలుపు లేదు, అల్మరాలో ఒక అర ఉందో లేదో తెలియదు. వాడిని కూడా ఒక గదిలో పెట్టి తలుపు వేస్తామంటే ఆవిడ కాక ఇంకెవరు అడ్డం పడతారు?

హాల్లో పడుకోవడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. అందరూ టీవీ కట్టేసే దాకా పడుకోవడానికి లేదు. పొద్దున్న మీరు ఆఫీసుకి తయారయ్యే హడావిడిలో ముందుగా చాప చుట్టేయాలి. మీ ఆయన నైట్ షిఫ్టు దిగి వచ్చి పగలు పడుకుంటే, గది తలుపు వేసి ఉంటే, పిల్లాడు అరవకుండా అదే హాల్లో వాడిని ఆడించాలి. ఒళ్లు బాగోలేకపోతే వచ్చేపోయే వాళ్ల ముందే మూలగాలి. చీర మార్చుకోవాలన్నా బాత్రూమ్ ఖాళీ చూసుకోవాలి. మే నెలలో మన విశాఖలో రాత్రుళ్లు ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. పడకగదిలో ఏసీ పెట్టించుకునే ఉంటారు. హాల్లో?

'నాకేటి, ఎక్కడైనా తొంగుంటాను' అన్నారట. అలా అన్నారు కాబట్టి ఇబ్బంది లేదని రాశారు. కొడుకు ఇంట్లో ఉంటున్న విధవ తల్లి ఇంకేం అంటుంది? 'నాకు గది కావాలి' అంటుందా? రేపు మీ బాబు పెళ్లయ్యాక మీరు వాడి ఇంటికి వెళ్తే మీరైనా ఇలాగే అంటారు. పెద్దవాళ్లు ఇలాంటి మాట అన్నప్పుడు ఇంకోసారి అడగాలి. మనకి అనుకూలంగా ఉంది కదా అని పట్టుకుని కూర్చోకూడదు.

తప్పంతా మీదే అనడం లేదు. తల్లిదండ్రులని చూసుకోవాలంటూ 2007లో వచ్చిన చట్టం కొడుకులు, కూతుళ్లు, మనవలు అంటుంది, కోడళ్ల ఊసెత్తదు. ఆవిడ మీ ఆయన కన్నతల్లి. హాల్లో చాప ముందు ఆయన కంట పడి ఉండాల్సింది. ఉత్తరం ఆయన రాసి ఉంటే ఇంతకంటే గట్టిగా ఆయన్నే అడిగేదాన్ని. రాసింది మీరు కాబట్టి మీతో మాట్లాడుతున్నాను. 'మా ఆయనతో చెప్పించాను' అన్న మాట కూడా నాకు నచ్చలేదు. బ్యాంకులో రోజంతా పరిచయం లేని మనుషులకి నచ్చజెబుతారు. మీ బిడ్డకి స్నానం చేయించి అన్నం పెట్టే మనిషితో నేరుగా ఒక మాట మాట్లాడలేరా? మధ్యలో ఆయన్ని పంపితే, కోడలు నాతో మాట్లాడదు, హుకుం పంపిస్తుంది అనే ఆవిడ అనుకుంటారు. ఆయనేమో మీ ముందు మీ మాట, అమ్మ ముందు అమ్మ మాట చెప్పి డ్యూటీకి వెళ్లిపోతారు.

ఇప్పుడు అసలు నొప్పి దగ్గరికి. రాత్రి మెలకువ వస్తే నానమ్మనే పిలుస్తాడని రాశారు. ఉత్తరంలో మీ మనసులోంచి వచ్చిన మాట అదొక్కటే అనిపించింది. పొద్దున్న వాడు పూర్తిగా లేవకముందే వెళ్లి, చీకటి పడ్డాక తిరిగివచ్చే తల్లికి ఆ పిలుపు వింటే గుండె కలుక్కుమంటుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ వాడిని ఒక్కడిని ఒక గదిలో పెడితే 'అమ్మా' అని పిలుస్తాడని ఎవరు చెప్పారు? నానమ్మా దగ్గర లేక, అమ్మా పక్కన లేక ఇంకా గట్టిగా ఏడుస్తాడు. పగలంతా ఎత్తుకున్న మనిషిని రాత్రి పిలవడంలో వింత లేదు. ఆవిడ బాగా పెంచుతున్నారనడానికి అది గుర్తు. పిల్లాడు నమ్మిన మనుషులు ఇద్దరుంటే మీ వాటా ఏమీ తగ్గదు.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కాదన్న భయం కూడా అక్కర్లేదు. పక్కలో పడుకోబెట్టొద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెప్పేది ఏడాది లోపు పసివాళ్ల గురించి, ముఖ్యంగా మొదటి నెలల్లో. రెండున్నరేళ్ల వాడు నానమ్మ గదిలో వేరే పరుపు మీద పడుకుంటే వచ్చే నష్టం ఏమీ లేదు. మన దగ్గర బడికి వెళ్లే వయసు దాకా నానమ్మల పక్కన పడుకున్న పిల్లలే ఇవాళ బెంగళూరు, హైదరాబాదు హాస్టళ్లలో ఒక్కళ్లే ఉంటున్నారు. వీడియోలు చూసి పోల్చుకోవడం మానండి. వాటిలో చూపించే ఇళ్లలో హాల్లో పడుకునే నానమ్మ ఉండదు.

కాబట్టి నా సలహా ఇది. రెండో గది మీ అత్తగారికి ఇవ్వండి. మంచం, తలగడ, బట్టలకి తాళం వేసుకునే అల్మరా, దేవుడి పటం పెట్టుకోవడానికి ఒక గూడు. బాబు పరుపు అదే గదిలో నేల మీద వేయండి, లేదా మీ గదిలో మీ మంచం పక్కన వేయండి. మీ ఆయన నైట్ డ్యూటీ వారాల్లో మీ దగ్గర, మిగతా రోజుల్లో నానమ్మ గదిలో అని మాత్రం పెట్టకండి, ఈ వయసులో రోజుకో చోటంటే గాబరాపడతారు. ఒక చోటు తేల్చుకుని కొన్ని నెలలు అదే కొనసాగించండి.

నిద్రపుచ్చే పని మాత్రం మీరే తీసుకోండి. అన్నం, స్నానం ఎవరు చూసినా సరే, పడుకునే ముందు అరగంట మీది. కథ చెప్పండి, జోకొట్టండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. ఈ వయసు పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. సాయంత్రం నాలుగైందాకా పడుకున్న వాడు రాత్రి పదకొండైనా కళ్లు మూయడు. మధ్యాహ్నం కునుకు త్వరగా ముగించమని అత్తగారిని అడగాలి, మీరే అడగాలి. ఆదివారాలు బాబుని తీసుకుని మీరొక్కరే అప్పికొండ వైపు వెళ్లిరండి. అక్కడ సముద్రంలోకి దిగొద్దు, ఇసుకలో ఆడుకుంటే చాలు. ఆ రెండు మూడు గంటలూ ఆవిడకి కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. వారమంతా పిల్లాడిని చూసుకున్న మనిషికి సెలవు ఎవరిస్తున్నారు?

ఈ మాట ఆయనతో చెప్పించకండి. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు, బాబు పడుకున్నాక, ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి: 'అత్తయ్యా, ఈ గది మీకు. బాబు మీ దగ్గరే పడుకుంటాడు, నిద్ర నేను పుచ్చుతాను.' మొదట 'నాకెందుకమ్మా గది' అంటారు. రెండోసారి కూడా అంటారు. నీలం రంగు గురించి సంజాయిషీ ఏమీ ఇవ్వక్కర్లేదు, ఆ రంగు ఆవిడకీ బాగానే ఉంటుంది.

అడ్వాన్సు ఐదు వేలు షాపువాడు తిరిగి ఇవ్వనంటే గొడవపడకండి. అదే షాపులో, అదే డబ్బు కింద, ఒక మామూలు సింగిల్ కాట్ తీసుకోండి. పరుపుతో కలిపి ఎత్తు 18 అంగుళాలకి తగ్గకుండా చూడండి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి మరీ కింద నుంచి లేవడం కష్టం. పరుపు మెత్తగా కావాలో గట్టిగా కావాలో ఆవిడనే షాపుకి తీసుకెళ్లి, కూర్చోబెట్టి అడగండి.