ట్రాఫిక్‌లోనే కారు వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్ చూడండి

హనుమకొండ చౌరస్తాలో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది, హైదరాబాద్ రోడ్డెక్కితే దిగుతోంది, మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైభాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు, ఇంజిన్ విప్పించాలా అని అడిగారు. విప్పనివ్వకండి. వేగంగా పోతే చల్లబడే బండిలో గ్యాస్కెట్ పోయి ఉండటం అరుదు. పరుగులో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. పోయి ఉంటే సాధారణంగా వీటిలో ఒకటైనా ఉంటుంది: సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంది, కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తాయి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తుంది. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు.

మేడారం జాతరకు వెళ్తుండగా మా కారుకూ ఇదే జరిగింది. ములుగు దాటేవరకు ముల్లు కదల్లేదు. పస్రా దాటాక బండ్లు బారులు తీరాయి. ముందు ఏసీలోంచి వేడిగాలి వచ్చింది, ఆ తర్వాత ముల్లు లేచింది. ఫ్యాన్ ఆగిందనడానికి ఈ వరుసే అసలు ఆనవాలు. ఏసీ ఆపి, ఇంజిన్ వేడిని లాగేసేలా హీటర్ పూర్తిగా పెట్టి, బండి పక్కకు తీశాను. చిన్నాన్న నీళ్ల సీసాతో రేడియేటర్ మూత తిప్పబోతుంటే చేయి పట్టుకుని ఆపాను. లోపలి ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైతే ఆ మరుక్షణమే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

బానెట్ ఎత్తితే ఫ్యాన్ చప్పుడే లేదు. ఫ్యూజు బాగానే ఉంది. మా కారులో హారన్‌కూ ఫ్యాన్‌కూ ఒకే నంబరు రిలే (కరెంటు అందించే చిన్న స్విచ్). హారన్ రిలే తీసి ఫ్యాన్ దగ్గర పెట్టగానే తిరిగింది. హారన్ లేకుండానే గద్దెల దాకా వెళ్లివచ్చాం. మీరూ ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. చేతులు మాత్రం దూరంగా ఉంచండి.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని చెప్పే మెకానిక్‌లంటే నాకు మండిపోతుంది. అది దాదాపు 80-90 డిగ్రీల మధ్య తెరుచుకునే వాల్వు. అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కక ఇంధనం ఎక్కువ తాగుతుంది, మీ ఫ్యాన్ మాత్రం బాగుపడదు. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసేవాళ్లు ఇంకా ఘోరం. మన బోర్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. కూలెంట్ కాన్సంట్రేట్ (నీళ్లు కలపనిది) అయితే సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్ పోయండి.

ఫ్యాన్ తిరుగుతున్నా వేడెక్కితే, ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి లారీల వెనుక తిరుగుతారేమో చూసుకోండి. ఏసీ కండెన్సర్‌కూ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రేడియేటర్‌కూ మధ్య దూది, దుమ్ము అట్టకట్టి గాలి ఆడదు. ఇంజిన్ చల్లారాక లోపలి వైపు నుంచి బయటికి, పైపుతో మెల్లగా కడిగించండి.