సేఫ్టీ ట్రైనింగ్ ఫైలు పక్కాగా ఉంది, కార్మికులు మాత్రం పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

పటాన్‌చెరు దగ్గర బల్క్ డ్రగ్ యూనిట్‌లో హెచ్‌ఆర్ చూస్తున్నానని రాశారు. ఏటా ట్రైనింగ్ పెట్టిస్తున్నారు, సంతకాలు, ఫొటోలు, రాయించిన ప్రశ్నపత్రాలు అన్నీ ఉన్నాయి, ఆడిట్‌లో ఇబ్బంది లేదు, కానీ ప్లాంటులో ఎవరూ ఏదీ పాటించడం లేదంటున్నారు. నేను విశాఖ వైపు ఫార్మా యూనిట్లలో చాలా ఏళ్లుగా సేఫ్టీ విభాగంలోనే ఉన్నాను. నేను చూసినంతలో కార్మికులు బద్ధకంతో పట్టించుకోకపోవడం చాలా అరుదు. చెప్పేది తమ చేతిలో పని గురించి కాదనిపిస్తేనే వదిలేస్తారు. కాబట్టి ముందు ట్రైనింగ్‌ని ప్రొజెక్టర్ గదిలోంచి బయటికి తీసుకురండి.

స్టాటిక్ కరెంటునే తీసుకోండి. టోలుయీన్ లాంటి సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) పైపులో పారినా, డ్రమ్ములోకి ఒంపినా ఛార్జ్ పుడుతుంది, అది నిప్పురవ్వై ఆవిరిని అంటించగలదు. అందుకే ఆ ఛార్జ్‌ని వైరు ద్వారా భూమిలోకి పంపే ఎర్తింగ్ క్లాంపు డ్రమ్ముకి పెట్టాలని స్లైడులో ఉంటుంది, పరీక్షలో అందరూ సరైన జవాబుకే టిక్కు పెడతారు. ప్లాంటులోకి వెళ్లి చూస్తే క్లాంపు పెట్టే ఉంటుంది, కానీ పెయింటు మీద. క్లాంపు పళ్లు లోపలి ఇనుముని పట్టుకోకపోతే ఆ వైరు ఉన్నా లేనట్టే. ఇది మాటలతో ఎక్కదు. అందుకని కడిగిన ఖాళీ డ్రమ్మొకటి వర్క్‌షాపు దగ్గరికి తెప్పించి, మల్టీమీటర్ (కరెంటుకి దారి ఉందో లేదో చూపే మీటర్) పెట్టి చూపిస్తాను. పెయింటు మీద క్లాంపు పెడితే మీటర్ పలకదు. అంచున పెయింటు గీకి బిగిస్తే బీప్‌మంటుంది. (సాల్వెంట్ ఉన్నచోట ఈ పరీక్ష చేయకూడదు, మామూలు మల్టీమీటరే అక్కడ ప్రమాదం.) ప్రతి ఒక్కరి చేతా పెట్టిస్తాను. ఒకసారి అలా చేశాక ఒక ఆపరేటర్ నా దగ్గరికొచ్చి, "సార్, మా బ్లాకులో క్లాంపు స్ప్రింగు లూజైంది, ఎంత బిగించినా పట్టడం లేదు, మార్పించండి" అన్నాడు. అంతకుముందు ఆ బ్లాకు నుంచి అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో సంతకాల రిజిస్టరు కన్నా ఆ ఒక్క ఫిర్యాదు విలువైనది.

ఇంకోటి, మీరు అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది: ట్యాంకులు, సంపులు, రియాక్టర్ల లోపలికి దిగే పని. ఒకడు లోపల పడిపోతాడు, వాడిని లాగడానికి ఇంకొకడు దిగుతాడు, ఇద్దరూ బయటికి రారు. కళ్లెదుట తోటివాడు పడిపోతే ఎవరికైనా కాళ్లు ఆగవు, అది మంచితనమే. అందుకే కారణం విప్పి చెప్పాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గిందంటే గ్యాస్ తగ్గిందనుకోవడం ప్రాణాంతకం. నైట్రోజన్‌కైతే అసలు వాసనే లేదు, అది ట్యాంకులో ఆక్సిజన్‌ని తోసేస్తుంది. గాలిలో ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే లోపలికి దిగకూడదు. ముక్కుకి కట్టుకునే కార్ట్రిడ్జ్ మాస్కు గాలిని వడకడుతుందే తప్ప ఆక్సిజన్ ఇవ్వదు. ఈ చివరి ముక్క తెలియనివాళ్లు సూపర్‌వైజర్లలో కూడా ఉన్నారు. ఇవి చెప్పాక, పాత బాయిలర్ సూట్‌లో ఇసుక బస్తాలు కుక్కి ఖాళీ ట్యాంకులో పడేయండి. బయట కాపలా ఉన్న మనిషి కేక వేయాలి, వాకీటాకీలో పిలవాలి, ట్రైపాడ్ వించితో (మూడుకాళ్ల స్టాండుకి బిగించిన, తాడు చుట్టే పరికరం) లాగాలి, తను మాత్రం దిగకూడదు. తొలిసారి ఎవరో ఒకరు మ్యాన్‌హోల్‌లోకి సగం వంగిపోతారు. వంగకుండా చేయగలిగేదాకా చేయించండి.

సైరన్ సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిరసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో నన్ను ఇప్పటికీ వదలని మాట ఒకటుంది: ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటుంది, గేటు దగ్గర కూడా, అయినా దాన్ని వాడలేదు. రాత్రి షిఫ్టులోకి వెళ్లి మీ ఆపరేటర్లని అడగండి, ఈ బటన్ నువ్వు నొక్కొచ్చా అని. "షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని అడగాలండీ" అన్నారంటే ఇంకా నేర్పలేదన్నట్టే. పొరపాటున నొక్కినా ఎవరికీ మెమో ఇవ్వబోమని మేనేజ్‌మెంట్ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎవరైనా నిజంగా పొరపాటున నొక్కిన రోజు వాడిని మందలించారో, ఇక ఏ ట్రైనింగూ పనిచేయదు.

మీకు దగ్గర్లోనే పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో 40 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి పనికొచ్చినవాళ్లు. కాంట్రాక్ట్ కార్మికులకి తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చెప్పి సంతకం పెట్టించుకుంటే అది వాళ్లకి చేసే అన్యాయం. వాళ్లలోనే పాతవాడిని ఒకణ్ణి ఎంచుకుని ముందు అతనికి నేర్పండి, అతనితో హిందీలోనో ఒడియాలోనో చెప్పించండి. విన్నవాళ్లు తిరిగి చేసి చూపించాలి: గాలి ఎటు వీస్తోందో విండ్‌సాక్ చూసి చెప్పాలి, దానికి అడ్డంగా నడిచి అసెంబ్లీ పాయింటుకి (ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటు) చేరాలి. కాంట్రాక్టర్ నెల మధ్యలో మనుషుల్ని మారిస్తే ఆ కొత్తవాళ్లకీ ఇదే.

చట్టం గురించి కూడా అడిగారు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడే 111ఏ సెక్షన్ కింద కార్మికుడికి తన పనిలో ఉన్న ప్రమాదాల సమాచారం పొందే హక్కు, శిక్షణ పొందే హక్కు వచ్చాయి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ అమల్లోకి వచ్చింది, సమాచారం అడిగే హక్కు అందులోనూ ఉంది. మీ ఫైలు యాజమాన్యం కోసమే కాదు, కార్మికుడు అడిగితే చూపించడానికి కూడా.

హెచ్‌ఆర్‌గా ట్రైనర్ల కన్నా మీ చేతిలో ఎక్కువ ఉంది. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లని పొద్దున్నే ట్రైనింగ్‌కి కూర్చోబెట్టకండి, నిద్ర కళ్లకి ఏదీ ఎక్కదు. షిఫ్టు వేళలోనే, జీతం కోయకుండా పెట్టండి, ఆ గంటలకి ప్రొడక్షన్ టార్గెట్ తగ్గించమని ప్లాంట్ హెడ్‌ని ఒప్పించండి. చేసి చూపించలేనివాళ్ల గేట్ పాస్ ఆపే అధికారం మీ సేఫ్టీ ఆఫీసర్‌కి ఇప్పించండి. ఒప్పుకోకపోతే, క్లాంపు పరీక్ష ప్లాంట్ హెడ్ చేత కూడా చేయించండి.